కరిగిన నెత్తురు మీద సంతకం

డొబ్రినా కరాస్లావొవాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ప్రయోగశాలలో అందరూ అనేవారు. ప్లొవ్‌దివ్ నగరంలో పదకొండేళ్లుగా ఆమె పక్కనే పనిచేస్తున్నాను. ఆ కోపం ఉత్తపుణ్యానికి రావడం నేను చూడలేదు.

చక్కెర జబ్బు మాత్ర మింగిన మనిషి రక్తంలో ఆ మందు ఎంత చేరిందో, ఎంతసేపు నిలిచిందో కొలవడం మా పని. ఆ ఏడాది ఒక పాత మాత్రను కొత్త రకంతో పోల్చాలి. ఇరవై నలుగురు ఆరోగ్యవంతులు రెండింటినీ మార్చి మార్చి మింగి, ప్రతిసారీ పదహారు విడతలు రక్తమిచ్చారు. దాన్ని యంత్రంలో గిరగిర తిప్పి, పైన తేరిన పసుపు ద్రవాన్ని గడ్డకట్టించి దాచాం.

ఒక సోమవారం పొద్దున ఫ్రీజర్ తెరిస్తే పై అర గొట్టాల్లో ద్రవం కదులుతోంది. శనివారమే కరెంటు పోయిందట.

డైరెక్టర్ విచెవ్ తొణకలేదు. "మళ్లీ గడ్డకట్టించండి. మందు తగ్గినా అన్నిట్లో ఒకేలా తగ్గుతుంది. పోలిక చెడదు."

"కింది అరవి ఇంకా రాళ్లలా ఉన్నాయి. ఒకేలా ఎలా తగ్గుతుందండీ?" అంది డొబ్రినా.

ఆమె మందులేని రక్తద్రవంలో తెలిసినంత మందు కలిపి, రెండు రోజులు బయట ఉంచి కొలిచింది. దాదాపు మూడో వంతు మాయమైంది. ఆ కాగితం ఆయన బల్ల మీద పడేసింది.

"ఈ పరీక్ష మిమ్మల్నెవరూ అడగలేదు, డొబ్రినా గారూ."

"అడగాల్సింది మీరు. అడగలేదనే నేను చేశాను."

అయినా ఆ గొట్టాలనే మళ్లీ గడ్డకట్టించి కొలిచారు. నమూనాలు ఒక్క గంటైనా కరగలేదని నివేదిక తయారైంది. ఆమె సంతకం పెట్టనంది. విచెవ్ నన్ను పిలిచాడు. నేను పెట్టాను. ఉద్యోగం పోతుందన్న భయం తప్ప నాకు వేరే కారణం లేదు.

గాజుసామాను కడిగే తొట్టి దగ్గర ఆమె నన్ను నిలదీసింది. "ఏమే నెవెనా, రేపు ఆ మాత్ర మీ అమ్మ మింగదా?"

"నా పరిస్థితి నీకు తెలీదక్కా..."

"నీ పరిస్థితి నాకు చెప్పకు. రక్తమిచ్చినవాళ్ల చేతులకు సూదులు గుచ్చినప్పుడు వాళ్ల పరిస్థితి అడిగావా?"

ఆమె తన పేరుతోనే మందుల తనిఖీ అధికారులకు రాసింది. కాగితాలు బయటపెట్టిందని విచెవ్ ఆమెను సస్పెండ్ చేశాడు. అధికారులు వచ్చి ఫ్రీజర్‌లో నమోదైన ఉష్ణోగ్రతలు తీశారు. నన్ను అడిగినప్పుడు ఇక అబద్ధమాడలేకపోయాను. నివేదిక రద్దయింది. విచెవ్ రాజీనామా చేశాడు. అయిదు నెలలకు డొబ్రినాను అధిపతిగా వెనక్కి పిలిచారు.

వచ్చీరాగానే రక్తమిచ్చినవాళ్లను పిలిపించి జరిగింది చెప్పింది. వాళ్లలో అస్పరుహ్ అనే బస్సు డ్రైవరు లేచాడు. "అంటే మా నెత్తురు మోరీలో పోసినట్టేగా?"

"పోసినట్టే. తిట్టండి, పడతాను. నాకే ఇంకా కోపం తగ్గలేదు."

నన్ను పనిలోంచి తీయనివ్వలేదు. కానీ నేను సంతకం పెట్టిన ప్రతి కాగితాన్నీ ఇప్పటికీ మొదటినుంచీ తనే లెక్కచూస్తుంది. ఒక్క మాటా అనదు. తిట్టినా బాగుండేది.