ఆవు చేపేదాకా ఆగే పాట

మా అమ్మ కూనిరాగానికి మా ఆవే కాదు, పక్క వీధి ఆవులు కూడా చేపేవని పుంగనూరులో ఎంతమందికి చెప్పానో. ఎవరూ నమ్మరు. నేనూ సగమే నమ్ముతాను. కానీ ఆవు చేపి, పొదుగులోకి పాలు దిగేదాకా అమ్మ నోట ఒక్క మాట వచ్చేది కాదు. ఊరికే రాగం తీస్తూ పొదుగు నిమిరేది. పాలు దిగాకే పిడికిళ్లు కదిలేవి, మాటలు మొదలయ్యేవి. అదే ఇంట్లో పెరిగిన మా చెల్లెలికి ఆ రాగం వింటే నిద్రొస్తుంది. నాకు మాత్రం అది లేనిదే పాట పుట్టదు. నేను రాసిన పాటలు ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో పాడించుకున్నాను గానీ, నా పాట రికార్డింగుదాకా పోయింది ఈ ఏడాదే.

మదనపల్లెలో స్టూడియో అంటే మేడ మీద ఒక గది, గోడలకు పరుపులు. బాణీ సర్దడానికి కుప్పం నుంచి కీబోర్డు ఆయన వచ్చాడు. జాతర డప్పుల మధ్య పెరిగిన మనిషి. పాటంటే మొదటి దెబ్బకే జనం లేచి నిలబడాలంటాడు. పాట మొదట్లో నా రాగం వింటూనే ఆపమని చెయ్యెత్తాడు.

“మాటలు యాడుండాయప్పా? నువ్వు గొంతు సవరించుకొనే లోపల జనం ఇంకో పాటకి పోతారు.”

“పోనీప్పా. ఆ రాగం తీసేస్తే ఈ పాట నాది కాదు.”

“పుంగనూరోళ్లకి అంత టైముంటాదేమో. మా కుప్పంలో రైలు నిలిచేది రొండు నిమిషాలే.”

“అయితే రైలెక్కి పో. నా పాట కాగితం నాకియ్యి.”

నవ్వుతూనే అన్నాను గానీ, చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇన్నాళ్లకు వచ్చిన అవకాశం పోతే పోనీ, రాగం కోయనివ్వకూడదనుకున్నాను.

పాడడానికి వచ్చిన చౌడేపల్లె ఆమెకు ఇంట్లో మూడు ఆవులు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కుర్చీ పక్కకు తోసి నేల మీద గొంతుక్కూర్చుంది.

“నా సెయ్యి కదిలినప్పుడు కొట్టన్నా. అంతదాకా గమ్మునుండు” అని ఆయనతో చెప్పి, కళ్లు మూసుకుని రాగం ఎత్తుకుంది.

ఎంతసేపు తీసిందంటే, కింద రోడ్డు మీద బస్సులు ఆగాయంటాను, మీరు నమ్మరు. ఆయన మాత్రం వేళ్లు ఎత్తిపట్టుకుని ఆగాడు. ఆమె పిడికిళ్లు కదిలాయి. ఖాళీ చెంబులో మొదటి పాలధార పడ్డట్టు ఆయన కీబోర్డులో డప్పు ఠంగుమంది. చెంబు నిండేకొద్దీ ధార చప్పుడు మెత్తబడినట్టే, దెబ్బలూ మెత్తబడుతూ పోయాయి. నేను రాసింది కాదది. నాకు తట్టనూ లేదు.

“యాడ నేర్చినావప్పా?” అన్నాను ఆయనతో.

“మా ఇంట్లోనూ ఆవుండాది. మేము పాడము, అంతే.”

రాగం మొత్తం ఉంచే రికార్డు చేశాం. రెండో పాటకు దాన్ని ఇంకొంచెం పొడిగించి రాస్తున్నాను. ఆయన డప్పుకు చోటు మాత్రం ఈసారి నేనే వదిలిపెడుతున్నాను.