సీసాలో ఆకుపచ్చ పెట్రోలు

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. మా ఆయన చెట్లు కోసే మిషన్‌తో కూలికి వెళ్తారు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు పొద్దున, మిషన్ పక్కనున్న సీసాలో పెట్రోలు ఆకుపచ్చగా, జిడ్డుగా కనిపించింది. బంకులో కల్తీది పోశారనుకుని పారబోసి, బండికని తెచ్చిపెట్టిన మంచి పెట్రోలుతో సీసా నింపాను. ఆయనకు చెప్పలేదు.

ఆరోజు పని మా వీధిలోనే. ఒక అవ్వ ఇంటి మీదికి వాలిన వేపచెట్టును కొట్టాలి. ఆయన తొందరలో సీసా సరిగ్గా చూడకుండానే ట్యాంకులో పోసుకున్నారు. మాను సగం తెగాక మిషన్ కీచుమని బిగుసుకుపోయింది. చెట్టు పటపటమంటూ ఇంటివైపు ఒరిగింది. అవ్వ లోపలే ఉంది. నేను పరుగెత్తి ఆమెను బయటికి లాక్కొచ్చేసరికి, మగవాళ్లు చెట్టుకు ముందే కట్టిన మోకులు లాగిపట్టి దాన్ని ఆపారు. మిగతాది గొడ్డళ్లతో కొట్టి ఇవతలికి పడేశారు.

“కల్తీ పెట్రోలు పోసినాడు. ఆ బంకోన్ని అడిగే వస్తా” అంటూ మా ఆయన బండి తీశారు.

“యాడికీ పోవద్దు. ఆ పెట్రోలు నేను మార్చిందే” అన్నాను, అందరి ముందూ.

ఆయన బండి ఆపి దిగారు. “ఈ ఇంజన్‌కు ఆయిలు పెట్రోల్లోనే కలిపి పొయ్యాల. నువ్వు పారబోసింది అదే” అన్నారు.

“సాయం చేసేముందు ఒక మాట అడగాల తల్లీ” అంది అవ్వ.

ఇప్పుడు ఆయిలు కొలిచి కలిపేది నేనే. పన్నెండేళ్లయింది. అయినా మిషన్ తీసేముందు ఆయన సీసాను ఎండకు ఎత్తి రంగు చూసుకుంటారు.