సైలెన్సర్ మీది గోనె

శుక్రవారం ఉదయం ఆరున్నరకు ఘాలాలోని మా రూమ్ నుంచి బయలుదేరాను. ఏడున్నరకు రూవి నుంచి సూర్ వెళ్లే బస్సు ఉంది. దారిలో బిదియా దగ్గర దిగాలి. ఎడారిలో ఇసుక దిబ్బలు చూడాలనుకునేవాళ్లు ఎక్కే బస్సు ఇదే. నేను మాత్రం మా తమ్ముడు గంగాధర్ చనిపోయిన షెడ్డు చూడటానికి వెళ్తున్నాను.

వాడు దిబ్బల మీద టూరిస్టులను తిప్పే ఒక క్యాంపులో పనిచేసేవాడు. రెండు నెలల కింద నాలుగు చక్రాల బైకులో పెట్రోలు పోస్తుంటే మంట లేచి కాలిపోయాడు. శవాన్ని నేనే విమానంలో ఊరికి పంపించాను. వెంట వెళ్లిన కంపెనీ కాగితంలో ప్రమాదానికి కారణం సిగరెట్ అని ఉంది. కూతురు పుట్టిన రోజు నుంచి వాడు సిగరెట్ ముట్టలేదు. మా మరదలు సౌజన్య ఫోన్‌లో ఒక్కటే అడిగింది. "తాగిండా, తాగలేదా బావా? ఊర్ల అందరు ఆయిన చేతులార చేసుకున్నడంటున్రు. నువ్వు పోయి తెలుసుకొని చెప్పు."

నేను ఒక స్పేర్ పార్టుల గోడౌన్‌లో స్టోర్ కీపర్‌ని. శుక్రవారం ఒక్కటే సెలవు. వెళ్లడానికి ఇన్నాళ్లు ఎందుకు పట్టిందంటే డ్యూటీ అని ఆమెకు చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. అక్కడ ఏం తెలుస్తుందోనని భయపడ్డాను.

బస్సులో నా పక్కన జగిత్యాల వైపు మేస్త్రి ఒకాయన కూర్చున్నాడు. ఇబ్రాలో సైట్‌కు పోతున్నాడు.

"ఒక్కనివే ఇసుక చూడనీకి పోతున్నవా అన్నా? టికెట్ దండుగ. మా సైట్‌కు రా. కండ్లల్ల ఇసుకే, కూరల ఇసుకే. ఫిరీగ సూపిస్త."

నవ్వాను. నిజంగా ఎందుకు పోతున్నావని మళ్లీ అడిగితే చెప్పాను. తర్వాత ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. బిద్‌బిద్ దాటాక రోడ్డుకు రెండు వైపులా గోధుమ రంగు కొండలే. చెట్టు కనపడదు. తొమ్మిది ముప్పావుకు ఇబ్రాలో బస్సు పావుగంట ఆగింది. మేస్త్రి దిగుతూ సంచిలోంచి రెండు కమలాపండ్లు తీసి నా సీటు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఒక పరోటా తిని చాయ్ తాగాను.

పదిన్నరకు బిదియాలో దిగేసరికి యాకూబ్ పికప్‌తో నిలబడి ఉన్నాడు. ముందే ఫోన్ చేసి ఉంచాను. కడప మనిషి, అదే క్యాంపులో పని. తమ్ముడి రూమ్‌లోనే ఉండేవాడు.

"గంగన్న వాళ్లన్నవే గదా. మొగం జూస్తానే తెలిసిపాయ."

తారు రోడ్డు అయిపోయిన చోట బండి ఆపి నాలుగు చక్రాల్లోనూ గాలి తగ్గించాడు. అలా చేయకపోతే ఇసుకలో దిగబడుతుంది. అక్కడి నుంచి క్యాంపుకు ఇరవై నిమిషాలు.

షెడ్డుకు కొత్త ఖర్జూర మట్టలు కప్పారు. కింద సిమెంటు గచ్చు మీద మంచమంత నల్లటి మచ్చ ఉంది. ఎంత కడిగినా పోలేదని యాకూబ్ అన్నాడు. దాని పక్కనే ఏడు బైకులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతి బైకు సైలెన్సర్‌కూ గోనె చుట్టి, బైండింగ్ తీగతో బిగించి కట్టారు.

"ఇదేంది?"

"గంగన్న కట్టిందే. ముందు ఇనప రేకులుండె. దిబ్బల మింద ఎగిరెగిరి బోల్టులు ఊడి పడిపాయ. అర్బాబ్‌ను అడిగితే వస్తాయి వస్తాయంటాడు." ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. "ఎనక కూచున్న పిలకాయల కాళ్లకు సైలెన్సర్ తగిలి బొబ్బలు. ఒక పాప ఏడ్చింది. అది జూసి ఆ పొద్దే కట్టినాడు. అప్పట్నుంచి ఒక్కరికీ కాలలా."

ఆ తీగ మెలిక నాకు తెలుసు. క్యాంపుకు రాకముందు తమ్ముడు నాలుగేళ్లు నిజ్వాలో బిల్డింగ్ పని చేశాడు. కొత్తగా పోసిన పిల్లర్లకు గోనె చుట్టి, ఎండకు పగలకుండా రోజుకు మూడుసార్లు తడపడం వాడి డ్యూటీ. పిల్లర్‌కు కట్టినట్టే సైలెన్సర్‌కూ కట్టాడు.

"ప్రతి ట్రిప్పుకు ముందు నీళ్లు పోస్తాం" అన్నాడు యాకూబ్.

"పొగ రాదా?"

"పొగ కాదన్నా, ఆవిరి. తడి గదా."

"ఆ రోజు నువ్వు చూసింది ఏంది?"

"గంగన్న చెయ్యి కాడ తెల్లగా లేస్తాండె. పెట్రోలు పోస్తాండాడు. అంతలోనే మంట. పొగ జూసినా అని చెప్పినా. కంపెనీ నుంచి వచ్చి రాసుకునేటోళ్లు సిగరెట్టా అనిరి. తెల్దంటి. వాళ్లకదే చాలాయ."

పన్నెండుకు అతను నమాజుకు వెళ్లాడు. షెడ్డులో ఒక్కణ్నే ఉండి, చివరి బైకుకున్న గోనె విప్పాను. పైన ఇసుక పట్టి గట్టిగా ఉంది. లోపలి వైపు నల్లగా, ఆయిల్ వాసనతో ఉంది. పట్టుకుంటే పొడి రాలింది. మధ్యలో ఎండుగడ్డి పోచలు ఇరుక్కుని ఉన్నాయి. సైలెన్సర్ వేడిని ఆపే రేకులు నేను గోడౌన్‌లో ఏళ్లుగా ఇస్తున్నాను. రేకు ఎప్పుడూ పైపుకు ఆనదు. వేలెడు ఎడం ఉంటుంది. ఆ ఎడంలో గాలి ఆడాలి. గోనె ఆ ఎడాన్నే మూసేసింది. మంటలార్పే సిలిండర్ ఎక్కడుందా అని వెతికాను. ఎండకు పాడవుతుందని ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారు. కిటికీలోంచి కనిపించింది.

ఒకటిన్నరకు యాకూబ్ అన్నం, చేపల పులుసు తెచ్చాడు. తిన్నాక, గోనె లోపల నిప్పు రాజుకుంటోందేమోనన్న నా అనుమానం చెప్పాను. చెయ్యి కడుక్కుంటున్నవాడు ఆగిపోయాడు.

"నాలుగింటికి ఫ్యామిలీలు వస్తాయన్నా. పిలకాయలుంటారు. గోనె తీస్తే మళ్లా కాళ్లు కాల్చుకుంటారు. అదీగాక గంగన్న చేతి పని అది. ఆయప్ప ఉన్నన్నాళ్లు మంచిదై, పోయినాక చెడ్డదాయనా?"

"ఒకదాన్ని తడిపి పావుగంట తిప్పి తీసుకురా. తర్వాత నీ ఇష్టం."

గోనె మీద సీసాడు నీళ్లు పోసుకుని వెళ్లాడు. తిరిగొచ్చేసరికి సైలెన్సర్ నుంచి తెల్లగా లేస్తోంది. "జూడు, ఆవిరే" అన్నాడు. పైన చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా, తడిగా ఉంది. కటింగ్ ప్లేయర్‌తో తీగ కోసి, గోనెను ఇసుకలో పరిచాను. లోపలి వైపు పొడిగా ఉంది. ఎండలో ఏమీ కనిపించలేదు. బైకులకు దూరంగా, నీళ్ల ట్యాంకు నీడలోకి తీసుకెళ్లి ఊదాను. దారాల అంచు వెంట సన్నటి ఎర్ర గీత పాకింది. ఆపితే నల్లబడింది. మళ్లీ ఊదితే మళ్లీ పాకింది.

యాకూబ్ గొంతుక్కూర్చున్నాడు.

"దీని పక్కనే పెట్రోలు పోస్తాంటిమి గదన్నా."

"అవును."

"దినామూ."

"అవును."

గోనె అంచు మీద ఇసుక పోసి నొక్కుతూ అన్నాడు. "సిగరెట్టే అయ్యింటే బాగుండు."

ఆ మాట అంతకు ముందే నా మనసులోకి వచ్చింది. నేను పైకి అనలేదు, అంతే.

మిగిలిన అయిదింటికీ నేనే కోశాను. అన్నిటినీ నీళ్లలో ముంచి, దూరంగా గుంట తీసి పూడ్చాం. యాకూబ్ అర్బాబ్‌కు ఫోన్ చేసి, రేకులు వచ్చేదాకా బైకులు నడవవని హిందీలో చెప్పాడు. అవతలి కేకలు నాకే వినిపిస్తున్నాయి. ఫోన్‌ను చెవికి జానెడు దూరం పెట్టుకుని విన్నాడు. పెట్టేశాక నావైపు చూశాడు. "ఊరికి పంపిస్తాడంట. పంపీనీలే. ఎండ కడపలో గూడా ఉండాది. అరిసేటోడే ఉండడు."

మా గోడౌన్ నుంచి సరిపోయే రేకులు పంపడానికి బోల్టు రంధ్రాల మధ్య దూరాలు కొలిచి కాగితం మీద రాసుకున్నాను. నాలుగింటికి ఫ్యామిలీలు వచ్చాయి. యాకూబ్ వాళ్లను ఒంటెల వైపు పంపించాడు. ఒకాయన గొడవపడ్డాడు కానీ పిల్లలకు ఒంటెలు నచ్చాయి.

అక్కడికి వెళ్లేవాళ్లకు ఒక మాట. బైకు ఎక్కేముందు సైలెన్సర్ చూడండి. ఇనప రేకు లేకపోతే ఎక్కొద్దు. గుడ్డ గానీ గోనె గానీ చుట్టి ఉంటే అసలే ఎక్కొద్దు. తిరిగొచ్చిన బండి చల్లారకుండా పెట్రోలు పోస్తుంటే పిల్లలను తీసుకుని దూరంగా వెళ్లండి.

అయిదుంబావుకు బిదియా రోడ్డు మీద బస్సు దొరికింది. సీట్లో కూర్చుని సౌజన్యకు ఫోన్ చేశాను.

"తాగలేదు" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మరెట్ల అంటుకుంది?"

రేకులు లేక అని చెప్పి ఆపేయవచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ మొత్తం చెప్పాను. పిల్లల కాళ్లు, పిల్లర్ల గోనె, ఎర్ర గీత.

"అంటే ఆయినె కట్టిందే."

"ఆయినె కట్టిందే."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"మిగిలిన బండ్లకు?"

"అన్నిటికీ కోసేసిన."

"మంచిగ చేసినవ్."

"ఊర్ల సిగరెట్ కాదని చెప్తే చాలు సౌజన్యా. గోనె సంగతి ఎవ్వలకు చెప్పకున్నా నడుస్తది."

"చెప్త బావా. మనూర్ల సగం మంది పిల్లర్లకు గోనెలు కట్టినోళ్లే. రేపు ఇంకొకడు గట్లనే కడ్తడు."

ఎనిమిదిన్నరకు రూవిలో దిగాను. బిదియా దిబ్బలు సాయంత్రం పూట బాగుంటాయంటారు. నేను వాటి వైపు చూసింది తక్కువ, చెప్పలేను. తమ్ముడు అజాగ్రత్తగా ఉండి చనిపోయి ఉంటే వాడి మీద కోపం తెచ్చుకునేవాణ్ని. ఇప్పుడు ఆ వీలు కూడా లేదు.