నూట పన్నెండేళ్ల చిల్‌బోక్ బాబాయ్

చిల్‌బోక్ బాబాయ్ ఏ పండుగనీ దాని తేదీన చేసుకున్న పాపాన పోలేదు. అన్ని పండుగలూ ఆయనకి ముందే వచ్చేవి. కొన్ని రెండు రోజులు ముందు, కొన్ని పది రోజులు ముందు, కొన్నయితే ఏడాదికి మూడు నాలుగు సార్లు. మా దేజన్ రైల్వే డిపోలో ఆయన సీనియర్ డ్రైవరు. రైలు అర నిమిషం ముందొచ్చినా స్టేషను బయటే ఆపి, గడియారం చూసుకుని మరీ లోపలికి తెచ్చే మనిషి. అంతటివాడు పండుగల దగ్గరికొచ్చేసరికి కేలండరుని గాలికి వదిలేసేవాడు.

నేను ఇరవై రెండేళ్ల వయసులో ఆ డిపోలో టీసీగా చేరాను. స్టేషను వెనకాల మాకొక మూడంతస్తుల బస ఉండేది. అందులో ఉన్నవాళ్లెవరి ఊరూ దగ్గర కాదు. నేను పెట్టె కింద పెట్టి పది నిమిషాలు కాలేదు, తలుపు తెరుచుకుంది. చేతిలో పొగలు కక్కే గిన్నెతో ఒక పొట్టి మనిషి.

"నీ పేరేంట్రా అబ్బాయ్?"

"జిన్‌తే అండీ."

"ఇవాళ ఏడాదిలోకెల్లా పొడుగైన రాత్రి. ఎర్ర అలసందల జావ తాగాలి. పట్టు."

"అది డిసెంబరులో కదండీ? ఇంకా నవంబరే."

"తెలుసులేరా. రాత్రి అంత పొడుగవ్వాలంటే టైం పట్టదూ? ఇప్పట్నుంచి మొదలెడితేనే అప్పటికి అవుతుంది."

ఈయనకి కొంచెం తేడా ఉందని నాకు అప్పుడే అర్థమైంది. జావ మాత్రం అమోఘంగా ఉంది.

ఎండలు మండే రోజుల్లో వేడి వేడి కోడి పులుసు తాగి చెమటలు కక్కడం మా వాళ్లకొక పండుగ. జూలైలో రావాల్సిన దాన్ని బాబాయ్ ఒకసారి జూన్ మొదట్లోనే పెట్టాడు. బయట చలిగాలి, కుండపోత వాన. అయితేనేం, కిటికీలు బిగించాడు, చలికాలంలో గది వెచ్చబడటానికి నేల కింద వేసే మంట వేయించాడు, మా ఎనిమిది మందినీ వరసగా కూర్చోబెట్టాడు. "చెమట పట్టేదాకా ఎవడూ లేవకూడదు" అన్నాడు. నేల కాలి మేం ఎగురుతుంటే, "చూశారా ఎండ!" అని చేతులు చరిచాడు. చంద్రవంక కుడుములు చేసుకునే చుసోక్ పండుగకి నిండు పున్నమి ఉండాలి. ఈయన పండుగనాడు ఆకాశంలో సగం చంద్రుడే. అడిగితే, "మిగతా సగం మీరు ఊహించుకోండ్రా. అన్నీ నేనే పెట్టాలా?" అని కసిరాడు.

వీటన్నిటినీ భరించవచ్చు. అసలు గొడవంతా సోల్లాల్‌తోనే. ఆ కొత్త ఏడాది పండుగ పూట బియ్యప్పిండి బిళ్ళల చారు తాగితే మనిషికి ఒక ఏడు పెరుగుతుందని మా దగ్గర లెక్క. చారు తాగావంటే ఏడాది మీద పడ్డట్టే. బాబాయ్ ఏటా అసలు తేదీకి ముందే నలుగురికి నాలుగు వేర్వేరు రోజుల్లో సోల్లాల్ పెట్టేవాడు. "రేపు సోక్‌మన్ సోల్లాల్", "శనివారం మూడో అంతస్తు సోల్లాల్" అని కాగితం రాసి మెట్ల దగ్గర అంటించేవాడు. నాకు ఆకలెక్కువ, అన్నిటికీ వెళ్లేవాణ్ణి. అంటే ఏడాదికి నాలుగేళ్లు పెరిగేవాణ్ణి.

ఈ లెక్కన నా వయసు ఇరవై ఏడైనా గిన్నెల ప్రకారం నలభై రెండు. ఇంకో ఐదేళ్లు ఇలాగే తాగితే మా అమ్మకన్నా పెద్దవాణ్ణయిపోతాను. నా గదిలోనే ఉండే సోక్‌మన్ నాకన్నా మూడు నెలలు పెద్ద. ఆ మూడు నెలలకే "అన్నా అనరా" అని నా ప్రాణం తీసేవాడు. నేను గిన్నెలు లెక్కగట్టాను.

"నువ్వు పోయినేడు రెండు గిన్నెలు తక్కువ తాగావు. నువ్వే నన్ను అన్నా అనాలి."

"ఒంట్లో బాగోక తాగలేదురా!"

"వయసు దగ్గర సాకులు చెల్లవు, తమ్ముడూ."

ఇక బాబాయ్ సంగతి. ఆయనకి యాభై రెండు. ముప్ఫై రెండో ఏట మొదలుపెట్టి ఇరవై ఏళ్లుగా ఏడాదికి నాలుగేసి గిన్నెలు. మొత్తం నూట పన్నెండు. ఆయన దీన్ని చాలా గట్టిగా పట్టుకున్నాడు. ఒకసారి మా డిపో అధికారి మీటింగులో ఏదో కసురుకుంటే, బాబాయ్ లేచి నిలబడి, "బాబూ, నీకు నలభై ఎనిమిది. నాకు నూట పన్నెండు. పెద్దవాణ్ణి, ముందు దండం పెట్టు, తర్వాత తిట్టు" అన్నాడు. అధికారి నవ్వాపుకోలేక నిజంగానే వంగి దండం పెట్టాడు. తిట్టడం మర్చిపోయాడు.

ఇంత సరదాగా చెబుతున్నాను గానీ, నాకు లోపల ఒక బెంగ ఉండేది. మాది దక్షిణాన సముద్రం ఒడ్డు. అక్కడ బిళ్ళల చారులో మాంసం వెయ్యరు, ఆల్చిప్పలు వేస్తారు. చలికాలమంతా చిప్పలొలిచే మా అమ్మ, వాటిలో మంచివి ఏరి సోల్లాల్‌కని దాచేది. ఉద్యోగంలో చేరాక ఐదు సోల్లాల్‌లు వచ్చాయి. ఐదింటికీ నాకు డ్యూటీయే. దేశమంతా ఇళ్లకి వెళుతుంటే తీసుకెళ్లేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలిగా! బాబాయ్ ఒకసారి నాకోసం చారులో ఆల్చిప్పలు వేశాడు. సబ్బు నీళ్లు తాగినట్టుంది. ఆరో ఏడు అమ్మ ఉత్తరం రాసింది. అందులో ఒకే వాక్యం. "ఈసారన్నా నా చేతి చారు తాగుతావా, లేక చిప్పలన్నీ అమ్మెయ్యనా?"

ఆ ఏడు ఎలాగైనా వెళ్లాలనుకున్నాను. డ్యూటీ చార్టు వచ్చింది. పండుగ ముందు రోజూ డ్యూటీయే, పండుగనాడూ డ్యూటీయే. చార్టు ముందు నిలబడి నేను పళ్లు నూరుతుంటే బాబాయ్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్ జిన్‌తే, ఈ ఏడు నీ సోల్లాల్ నా గదిలో కాదు. పండుగ ముందు రోజు. మన బండిలోనే. ఏడో పెట్టెలో."

"బండిలో పొయ్యి పెడతావా బాబాయ్?"

"అవన్నీ నీకెందుకు? ఆకలితో రా."

నాకు ఒళ్లు మండిపోయింది. "నాకు వద్దు బాబాయ్ నీ దొంగ పండుగలు! మా అమ్మ అక్కడ నిజం పండుగకి ఎదురుచూస్తోంది. నీకు ఇల్లంటూ ఉంటే తెలిసేది. లేదు కాబట్టి నీకు ఏ తేదీ అయినా ఒకటే."

అనేశాక నాలుక కరుచుకున్నాను. బాబాయ్ ఇల్లు ఉత్తరాన, సరిహద్దు అవతల ఉంది. అటు ఏ రైలూ వెళ్లదు. ఆయన మాత్రం తల గోక్కుని, "నిజమేరా. అందుకే తేదీల విషయంలో నాకింత సౌకర్యం" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

పండుగ ముందు రోజు పొద్దున్న దక్షిణానికి వెళ్లే మా బండిలో ఇసక వేస్తే రాలనంత జనం. కానుకల పెట్టెలు, చంకల్లో పిల్లలు, ఒకాయన ఒళ్లో బతికున్న కోడి. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. నేనొక్కణ్ణే ముఖం గంటు పెట్టుకుని టికెట్లకి చిల్లులు కొట్టాను. తిరుగు ప్రయాణంలో అదే బండి ఖాళీ. పండుగ పూట ఇల్లు వదిలి ఉత్తరానికి వచ్చేవాళ్లెవరు? మా ఊరి స్టేషనులో రెండు నిమిషాలు ఆగాం. కిటికీలోంచి మా కొండ కనిపిస్తే చూడలేక ఆ కిటికీ మూసేశాను. బాబాయ్ ఎందుకో మూడుసార్లు కూత వేశాడు.

బండి కదిలాక టికెట్లు చూసుకుంటూ వెళ్లాను. ఐదో పెట్టెలో ఎవరూ లేరు. ఆరులో ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. ఏడులో, సరిగ్గా మధ్య సీటులో, ఒళ్లో ఎర్ర గుడ్డ కట్టిన పెద్ద గిన్నెతో ఒకే ఒక్క ఆడమనిషి.

"అమ్మా!"

"అరుస్తావేంట్రా? ముందు టికెట్టు చూడు. ఉద్యోగం చేసేది ఇలాగేనా?"

నేను టికెట్టు తీసుకుని ఒక చిల్లు కొట్టబోయి మూడు కొట్టాను.

"నువ్వెలా వచ్చావే? పెద్దలకి పెట్టకుండా ఇల్లు కదలనంటావుగా?"

"పెట్టేశాను. నిన్ననే." అమ్మ ఉడకబెట్టిన గుడ్డు ఒలిచి నా నోట్లో కుక్కింది. "మీ చిల్‌బోక్ ఫోను చేశాడు. అక్కా అన్నాడు. నాకు తమ్ముళ్లు లేరన్నాను. ఇప్పుడున్నాడుగా అన్నాడు. పెద్దల్ని వదిలి రానన్నాను. 'అక్కా, మీ పెద్దలకి డ్యూటీలేమన్నా ఉన్నాయా?' అన్నాడు. లేవన్నాను. 'మరి రెండు రోజులు ముందు పిలిస్తే రారా? పండుగనాడు వాళ్లూ ఎన్నిళ్లకని తిరుగుతారు? ముందు పిలిస్తే తీరిగ్గా తింటారు' అన్నాడు. నిజమే అనిపించిందిరా. మీ నాన్నకి ఎటూ రద్దీ గిట్టేది కాదు."

"ఊళ్లోవాళ్లు నవ్వలేదా?"

"మన ఊరి పెద్ద నా పేరు పెట్టి మైకులో చెప్పాడు కూడానూ. 'ఓక్సిమ్ గారింట్లో ఇవాళే సోల్లాల్. మిగతావాళ్లకి ఇంకా టైముంది, ఎవరూ కంగారు పడొద్దు' అని."

గుడ్డు నోట్లో పెట్టుకుని అంత గట్టిగా నవ్వడం ప్రమాదమని నాకు ఆ రోజు తెలిసింది. పొలమారి నా కళ్లలో నీళ్లొచ్చాయి. అవి అన్నీ పొలమారిన నీళ్లే అని చెప్పను.

సాయంత్రం నాలుగింటికి దేజన్‌లో దిగాం. బాబాయ్ ఇంజను దిగి చేతి తొడుగులు తీసుకుంటున్నాడు. నేను పరుగెత్తాను.

"బాబాయ్, ఆ రోజు నేనన్నమాట..."

"ఏ మాటరా? నూట పన్నెండేళ్ల వాడికి జ్ఞాపకాలుంటాయా? పద, చిప్పలు పాడైపోతాయి."

బసలో వంటగదిని అమ్మ స్వాధీనం చేసుకుంది. బాబాయ్‌ని పొయ్యి దగ్గర్నుంచి గెంటేసి, ఉల్లికాడలు తరగమంది. సోక్‌మన్ నీళ్లు మోశాడు. నేను వాడి చెవిలో, "బాబాయ్‌కి ఈ ఊహ ఎలా వచ్చిందిరా?" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

"నీకింకా తెలీదురా మొద్దూ? చార్టు రాగానే పండుగనాడు ఎవరికి డ్యూటీ పడిందో బాబాయ్ చూస్తాడు. వాడికి దానికి ముందు ఏ రోజు ఖాళీ ఉంటే ఆ రోజే పండుగ."

"మరి వానలో కోడి పులుసు?"

"ఆ మర్నాటి నుంచి నన్ను రెండు నెలలు కొండల్లో బొగ్గు బండి మీద వేశారు."

"మరి నేను చేరినప్పుడు నవంబరులో జావ?"

"డిసెంబరంతా నువ్వెక్కడున్నావు?"

బూసాన్‌లో, ట్రైనింగులో. ఆరేళ్లు ఆయన పండుగలు తిని చేతులు తుడుచుకున్నాను గానీ, చార్టు పక్కన పెట్టి ఒక్కసారి చూడలేదు. నామీద నాకే కోపం వచ్చింది. ఆ కోపాన్ని వెల్లుల్లి మీద చూపించి మెత్తగా దంచాను.

చారు సిద్ధమైంది. అందరం చుట్టూ కూర్చున్నాం. అమ్మ నా గిన్నె నింపుతుంటే సోక్‌మన్, "అత్తా, దీంతో మీవాడికి నలభై మూడు నిండుతాయి" అని మా గిన్నెల లెక్కంతా చెప్పాడు. అమ్మ గరిట ఎత్తి పట్టుకుని అంతా విన్నది.

"ఎవరు పోసినా వయసెందుకు పెరుగుతుందిరా? కడుపు నిండుతుంది, అంతే. అమ్మ చేత్తో పోస్తేనే ఏడు పెరిగేది. వీడు నా చేతి చారు తాగి ఆరేళ్లయింది. ఇప్పటిదాకా ఇరవై రెండే. ఇది తాగితే ఇరవై మూడు."

సోక్‌మన్ గాల్లోకి ఎగిరాడు. "నేను మొన్నటేడు ఇంటికెళ్లి తాగాను! నేనే అన్నని! అనరా, అన్నా అను!"

చచ్చినట్టు అన్నాను. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది బాబాయే. అమ్మ ఆయన గిన్నె అందుకుని అడిగింది.

"నువ్వు మీ అమ్మ చేతి చారు ఎప్పుడు తాగావు తమ్ముడూ?"

బాబాయ్ చెంచా కింద పెట్టాడు. "పదేళ్లప్పుడు అక్కా. యుద్ధమొచ్చింది. వారంలో తిరిగొద్దామని నాన్న చెయ్యి పట్టుకుని ఇటు తీసుకొచ్చాడు."

అమ్మ గిన్నె అంచుదాకా నింపి, పైన రెండు పెద్ద చిప్పలు ఎక్కువ వేసి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది.

"అయితే ఇప్పుడు నీకు పదకొండు. తాగు నాయనా, చల్లారిపోతుంది."

బాబాయ్ తల వంచుకుని తాగాడు. చుక్క మిగలకుండా తాగి, గిన్నె మళ్లీ చాపాడు.

"ఇంకోటి పోస్తే పన్నెండొస్తాయి మరి" అంది అమ్మ.

"రానీ అక్కా. చిన్నవాణ్ణి, ఎదగాల్సిన వయసు."

మర్నాడు అసలు సోల్లాల్. మా బండి ప్లాట్‌ఫారం మీద నిండు గర్భిణిలా ఉంది. మాకు జెండా ఊపడానికి డిపో అధికారి స్వయంగా వచ్చాడు. బాబాయ్ ఇంజను దిగి, టోపీ తీసి, నడుం వంచి ఆయనకి దండం పెట్టాడు.

"ఇదేంటయ్యా చిల్‌బోక్? నూట పన్నెండేళ్లన్నావుగా?"

"నిన్న సాయంత్రం తగ్గాయండీ. నాకిప్పుడు పన్నెండే. ఆశీర్వదించండి."

"పన్నెండేళ్ల పిల్లాడి చేతికి బండెవడిచ్చాడ్రా!" అని సోక్‌మన్ అవతలి ప్లాట్‌ఫారం నుంచి అరిచాడు. ఏడో పెట్టె కిటికీలోంచి మా అమ్మ, "మా తమ్ముణ్ణి ఏమన్నా అన్నావంటే చూడు!" అని వాడికి గరిట చూపించింది. బాబాయ్ గడియారం చూసుకుని ఇంజను ఎక్కాడు. బండి సరిగ్గా టైముకే కదిలింది.