తిప్పి ఉంచిన కుళాయి

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బేరమాడుతుండగా ఫోనొచ్చింది, మా ఎమ్మెల్యే గారు పోయారని. పొద్దున్నే పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని పెరట్లో పచార్లు చేస్తూ పడిపోయారట. ఏలూరు ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయిందట. "అబద్ధం" అన్నాను. కొట్టాయన సంచీ పట్టుకుని "ఏవండీ, తూకం వెయ్యమంటారా వద్దాండీ?" అని అడుగుతున్నాడు. వెయ్యమన్నానో వద్దన్నానో గుర్తులేదు. ఏలూరు బస్సెక్కాక చూసుకుంటే ఉల్లిపాయల సంచీ నా ఒళ్ళోనే ఉంది.

నేను ఆయన ఆఫీసులో టైపు చేసేదాన్ని. అసెంబ్లీకి పంపే ప్రశ్నలన్నీ నా చేతిమీదుగానే వెళ్ళేవి. ఆయన గెలిచినప్పటి నుంచీ ప్రతిపక్షమే. అంచేత మా ఆఫీసులో పనులు చేయించడం తక్కువ, నిలదీయడం ఎక్కువ. రోడ్డుకి అంత ఖర్చు రాశారు, మరి గుంటలెందుకున్నాయి? ఆసుపత్రికి మిషను కొన్నారు సరే, దాన్ని నడిపే మనిషిని ఎప్పుడు వేస్తారు? అన్నీ ఇలాంటివే.

ఆయనకి కుదురన్నది లేదు. టీ నిలబడే తాగేవారు. కుర్చీ వేస్తే దాని వీపు పట్టుకుని నిలబడేవారు. కారెక్కితే ఊరొచ్చేదాకా చెయ్యి తలుపు పిడిమీదే. ప్రశ్న చెబుతూ చెబుతూ గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళిపోయేవారు. మిగతా సగం వాక్యం కోసం నేను కిటికీ దగ్గరకి పరిగెత్తాలి. "సార్, ఒక్క నిమిషం కూర్చుని చెప్పొచ్చు కదండీ!" అని విసుక్కునేదాన్ని. "కూర్చుంటే నిద్రొస్తదమ్మా" అని నవ్వేసేవారు. ఇలాంటి మనిషి అసెంబ్లీలో గంటలకొద్దీ ఎలా కూర్చుంటారా అని నాకెప్పుడూ అనుమానమే.

ఆయన ఒక పద్ధతి పెట్టారు. ఏ ఊరి గురించి ప్రశ్న రాస్తే ఆ ఊరికి కాగితం తీసుకెళ్ళి, నలుగురినీ పోగుచేసి చదివి వినిపించాలి. వాళ్ళు ఊఁ అన్నాకే అసెంబ్లీకి పంపాలి. మండుటెండలో ఈ ఊరేగింపు ఏమిటని నేను సణిగితే, "వాళ్ళ తరఫున అడుగుతున్నామమ్మా. వాళ్ళకే తెలియకపోతే ఎలా?" అనేవారు. పెదపాడు దగ్గర ఒకసారి, మురుగుకాలవలో పూడిక తీశారా అని రాసుకెళ్ళాం. ఒక రైతు విని తల అడ్డంగా ఊపాడు. "తీశారండీ. తీసి గట్టుమీదే పోశారు. వానొస్తే మళ్ళీ దాంట్లోకే కదండీ" అన్నాడు. అక్కడే, జీపు బానెట్ మీద కాగితం పెట్టి ప్రశ్న మార్చి రాశాను.

మా పుట్టిల్లు కొల్లేరు లోపలి ఊరు. నాలుగు పక్కలా నీళ్ళే, అన్నీ చేపల చెరువుల నీళ్ళు. కాళ్ళు కడుక్కుంటే దురద. తాగడానికి ఆటోలో వచ్చే టిన్నులు కొనుక్కోవాలి. ఆటో రాని రోజు మా అమ్మ బిందె పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. అలాంటి ఊళ్ళో ప్రభుత్వం మంచినీళ్ళ ట్యాంకు కట్టింది. రంగులేసి, రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. పైపు మాత్రం వెయ్యలేదు. మేము ప్రశ్న రాసుకుని వెళ్ళాం, ట్యాంకు నిర్మాణానికి ఎంత ఖర్చయింది, అది ఎప్పుడు పూర్తయింది అని. నేను చదువుతుంటే మా అమ్మ మధ్యలోనే ఆపేసింది.

"కట్టారా అని అడక్కండి బాబూ, కట్టారుగా! కనపడతానే ఉంది. దాంట్లోకి ఒక్కసారైనా నీళ్ళొచ్చాయా అనడగండి."

ఆయన గట్టిగా నవ్వి, "రాసుకోమ్మా, మీ అమ్మగారు చెప్పినట్టే" అన్నారు. తర్వాత ట్యాంకు కింద ఉన్న కుళాయి దగ్గరకి వెళ్ళి బలంగా తిప్పారు. గాలి కూడా రాలేదు. మా అన్నయ్య కట్టేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఉండనివ్వండి. నీళ్ళొస్తే తెలియొద్దూ?" ఆ రోజు నుంచీ ఆ కుళాయి తిప్పే ఉంది. దానికింద మా అమ్మ ఒక పాత బకెట్ పెట్టింది.

మా ప్రశ్న సభకొచ్చిన రోజు నేను సెలవు పెట్టి మా ఊరెళ్ళాను. ఇల్లంతా జనం, అందరి కళ్ళూ టీవీ మీదే. మాకంటే ముందు రెండు ప్రశ్నలున్నాయి. మొదటిదాని దగ్గరే ఏదో గొడవ రేగింది. ప్రతిపక్ష నాయకుడి మైకు ఆపేశారని ఆయన పార్టీ వాళ్ళంతా లేచి బయటికి నడిచారు. మా ఎమ్మెల్యే గారూ లేచారు. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూశారు. వెళ్ళిపోయారు. కాసేపటికి అధ్యక్షుల వారు ఆయన పేరు పిలిచారు. టీవీలో ఖాళీ కుర్చీలు చూపించారు. అడిగే సభ్యుడు లేరు కాబట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు.

"ఏడే మన బాబు?" అంది మా అమ్మ.

సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పొద్దూ, కోపంతో కూడా. ఎక్కడా కూర్చోలేని మనిషికి లేచిపోవడానికి ఒక సాకు దొరికిందనుకున్నాను. వారం రోజులు ఆఫీసు మొహం చూడలేదు. ఎనిమిదో రోజు ఆయనే ఫోన్ చేశారు. "మీ ఊరు వెళ్దాం, వస్తావా అమ్మా?"

ట్యాంకు కింద నిలబడి ఊరందరి ముందూ చెప్పారు. "తప్పయిపోయిందండి. పార్టీ లేచింది, నేనూ లేచాను. మీ ప్రశ్న ఉందని తెలిసే లేచాను." మా అమ్మే అంది, "లేవడానికి మీరెందుకు బాబూ, ఎవరైనా లేస్తారు. మిమ్మల్ని అక్కడ కూర్చోడానికి పంపించాం." నేను అమ్మ చెయ్యి గిల్లాను. ఆయన మాత్రం తల వంచుకుని "చిత్తమండి" అన్నారు. తిరుగుదారిలో కారులో మొదటిసారి ఆయన చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

తర్వాతి సమావేశాల్లో మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ అదే తంతు, పార్టీ అంతా లేచింది. ఈసారి ఆయన లేవలేదు. అటు అన్ని ఖాళీ కుర్చీల మధ్య ఒక్కరే, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని. ఆ కూర్చోవడం ఆయనకెంత కష్టమో టీవీలో నాకు తెలుస్తూనే ఉంది. పట్టుకోకపోతే లేచిపోతారు! అధికారపక్షం వాళ్ళు "మా వైపు వచ్చెయ్యండి సార్" అని ఎగతాళి చేశారు. తన వంతు రాగానే నిలబడి, "ట్యాంకు కట్టారు, సంతోషం అధ్యక్షా. దాంట్లోకి ఒక్కసారైనా నీళ్ళొచ్చాయా?" అనడిగారు. మా అమ్మ టీవీ ముందు "అద్గదీ!" అని అరిచింది. పరిశీలనలో ఉందని మంత్రి గారు జవాబు చెప్పారు.

పార్టీ సంజాయిషీ అడిగింది. జవాబు నా చేతే టైపు చేయించారు, ఒకే ఒక్క వాక్యం. "ఆ రోజు నా ప్రశ్న ఉంది." ఇంకేమైనా రాద్దామండీ, టిక్కెట్టు ఇవ్వరేమో అన్నాను. "ఇవ్వకపోతే ఇంట్లో కూర్చుంటాను. ఇప్పుడు అలవాటైందిగా" అన్నారు.

అంత అలవాటేం కాలేదు. మర్నాడు మళ్ళీ నిలబడే టీ తాగారు.

ఇప్పుడు ఊరి నిండా ఫ్లెక్సీలు. సంజాయిషీ అడిగిన పార్టీయే కట్టించింది, నిబద్ధత గల నాయకుడని. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని నాకు కబురొచ్చింది. ఆ నాలుగు మాటలూ వాళ్ళకి ఇవ్వబుద్ధి కాలేదు. అందుకే ఇలా మీకు రాస్తున్నాను. ఆయన ఒకసారి లేచిపోయారని కూడా రాస్తున్నాను. అది దాచిపెడితే ఆయన ఊరుకోరు.

చాపమీద పడుకోబెట్టిన ఆయన్ని చూసి నేను ఏడవలేకపోయాను. ఎప్పుడు లేస్తారా, ఎప్పుడు గుమ్మం దాటి వెళ్ళిపోతారా అని చూస్తూ నిలబడ్డాను. ఇప్పటికీ ఆఫీసులో చెప్పుల చప్పుడైతే చేతులు కీబోర్డు మీదకి వెళ్ళిపోతాయి.

ఆయన బల్లమీద ఆఖరి ప్రశ్న ఉంది. ఆ ట్యాంకు గురించే, పరిశీలన ఎంతవరకొచ్చిందని. అది ఇంకా ఎవరికీ వినిపించలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు కాగితం తీసుకుని మా ఊరెళ్ళాను. ట్యాంకు కింద అందరూ చేరారు. చదివాను.

"బాగానే ఉంది" అంది మా అమ్మ. "ఎవరడుగుతారే?"

అన్నయ్య విసురుగా లేచి, "ఇంకెందుకమ్మా, కుళాయి తుప్పు పట్టిపోతోంది, కట్టేద్దాం" అని చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు!" అని అమ్మ అరిచిన అరుపుకి అందరం ఉలిక్కిపడ్డాం. తర్వాత నావైపు చెయ్యి చాపింది. "ఆ కాయితం ఇలా తే. రేపు ఓట్ల కోసం వస్తారుగా. ఏ పార్టీ వాడొచ్చినా ముందు ఇక్కడ కూర్చోబెట్టి ఇది వినిపిద్దాం. సభలో అడుగుతానని ఒప్పుకుంటేనే ఓటు."

అమ్మకి చదవడం రాదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది. వంగి బకెట్టులోని దుమ్ము దులిపి, కొంగుతో లోపలంతా తుడిచి, మళ్ళీ సరిగ్గా కుళాయి కిందకి జరిపింది.