ఎస్తేరు మెడ మీద పెద్దశెట్టి

ఇప్పుడు దేశమంతా విమానాశ్రయాల గోడల మీద చూస్తున్న మా జమ్మలమడుగు మోడల్ ఎస్తేరు ఉంది చూడండి, ఆమె తల మొట్టమొదట తీసేసింది నేనే. కంగారుపడకండి. మా కడప జిల్లాలో ఈ మాట చెబితే జనం ముందు నా చేతుల వైపు చూస్తారు. నేను వాడింది కంప్యూటర్ మౌసు మాత్రమే. అయినా ఆ దినం ప్రొద్దుటూరు గాంధీ రోడ్డులో జరిగిన ఘోరం చిన్నది కాదు. పదేండ్లుగా "ఆ పిల్లకు తొలి అవకాశం ఇచ్చిందే ఈ మస్తాను" అని టీ అంగళ్లలో గొప్పలు చెప్పుకుంటూ వచ్చాను. ఈరోజు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

అప్పట్లో నాకు తల మీద జుట్టూ, తల లోపల పొగరూ దండిగా ఉండేవి. గోడల మీద అక్షరాలు రాసే పని వదిలి, ఫ్లెక్సులు చేసే కంప్యూటర్ ముందు కొత్తగా కూర్చున్నాను. చీరల అంగడి నారాయణశెట్టి తన అంగడికి ఒక ఫ్లెక్సు అడిగాడు. ఎర్రచీర కట్టుకుని ఫోటోకు నిలబడింది ఎస్తేరు. జమ్మలమడుగు బడిలో డ్రిల్లు మాస్టరు జేమ్స్ సార్ కూతురు. ఎంత పొడుగంటే, ముందు జాగ్రత్తగా నేను గదిలో ఫ్యాను ఆపేశాను.

ఫోటో అయ్యాక ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగింది.

"అన్నా, బెంగుళూరు కంపెనీవాళ్లు నన్ను రమ్మంటాండారు. మా నాయన పంపనంటాండాడు. ఈ బోర్డు జూసి జనం ఏమంటారో విని, అప్పుడు చెప్తా అన్నాడు. అంతా నీ చేతుల్లోనే ఉండాదన్నా."

"నువ్వు నిమ్మళంగా పో పాపా. మీ నాయన ఆ బోర్డు జూసి నోట మాట రాక నిలబడిపోవాల!"

నిలబడిపోయాడు కూడా. అక్కడికే వస్తున్నా.

సాయంత్రం శెట్టి వచ్చాడు.

"మస్తానూ, పైన మా నాయన ఫోటో పెట్టు. దండతో."

"పెడతా మామా."

"పక్కన నాది. ఆ పక్కన మా పిల్లోళ్లిద్దరిదీ."

"సరే."

"మా బామ్మర్ది అలుగుతాడప్పా, వానిదీ పెట్టు."

"మామా, మనం చేస్తాండేది చీరల బోర్డా, రేషన్ కార్డా?"

"దుడ్లు నావి కదప్పా! ఇంగోటి, కింద చీర అంచు మాత్రం పోగూడదు. ఆడోళ్లు కొనేది అంచు జూసే."

పైన తలలు పోకూడదు, కింద అంచు పోకూడదు. మధ్యలో తాటిచెట్టంత పిల్ల. చిన్న సంచిలోకి పరుపు కుక్కినట్టు కుక్కాను. అందరూ సర్దుకున్నారు, కాలం చేసిన పెద్దశెట్టి ఒక్కడికే చోటు లేదు. ఆయన ఫోటోను తాత్కాలికంగా ఎక్కడో ఒకచోట వదిలి, తర్వాత జరుపుదామనుకున్నాను. ఇంతలో బిర్యానీ వచ్చింది. తిన్నాను. ప్రింటుకు పంపాను. ఒక్కటి కాదు, ప్రొద్దుటూరుకు, కడపకు, పులివెందులకు తలా ఒకటి.

మర్నాడు పొద్దున్నే ఎస్తేరు, వాళ్ల నాయన బస్సు దిగి వచ్చారు. నేను కొత్త చొక్కా వేసుకుని, పొగడ్తలకు సిద్ధంగా బోర్డు కింద నిలబడ్డాను.

"అన్నా, నేను యాడుండానన్నా?"

"అదో, నట్టనడిమధ్య. ఎర్రచీర."

"తల యాడ?"

అప్పుడు నేను తలెత్తి చూశాను. మెడ వరకూ ఎస్తేరు. మెడ పైన గుబురు మీసాలతో, బంతిపూల దండతో, చల్లగా నవ్వుతూ పెద్దశెట్టి.

"ఏమప్పా! పోయిన పెద్దాయనకు చీర కట్టినారే! కుచ్చిళ్లు శానా బాగా కుదిరినాయి" అన్నాడు టీ అంగడాయన.

అంగట్లోంచి శెట్టి పరిగెత్తుకొచ్చాడు. "రేయ్! మా నాయన బతికినన్నాళ్లూ పంచె దప్ప కట్టలేదు కదరా!"

ఇంతలో పులివెందులలో బోర్డు కట్టినవాడు ఫోను చేశాడు. "మస్తానూ, ఈడ బోర్డు కింద జనం పడీ పడీ నగుతాండారు. బస్సులు ఆగిపోయినాయి. ఏంది కథ?"

ఫోను చెవి దగ్గరే ఉంది గానీ, ఎస్తేరు మీద నుంచి నా కళ్లు తీయలేకపోయాను. ఆ పిల్ల పైట కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. బెంగుళూరు బస్సు నా బిర్యానీ కింద పడి నలిగిపోయిందని అప్పటికి గానీ నాకు తెలియలేదు.

జేమ్స్ సార్ బోర్డు కింద అట్లే నిలబడిపోయాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. నా వైపు నడిచి వచ్చాడు. డ్రిల్లు మాస్టరు చెయ్యి ఎంత బరువుంటుందో ఊహిస్తూ కళ్లు మూసుకున్నాను.

"అబ్బీ, మా పాప మొగం బాగా రాలేదా?"

"శానా బాగా వచ్చింది సార్. నేనే... పోగొట్టినా."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "రోడ్డు మీద నీ మొగం జూసి నలుగురు ఏమంటారో అని రాత్రంతా నిద్ర పోల్యా పాపా. తీరా వస్తే మొగమే ల్యా. జూస్తే నాకే మనసొప్పలేదు. నా బిడ్డది ఉండాల్సిన చోట ఈ మీసాలేంది? పో బెంగుళూరికి. నీ మొగం ఉండే బోర్డు నేను జూడాల."

ఎస్తేరు నాయన్ను పట్టుకుని మళ్లీ ఏడ్చింది. ఈసారి నేనూ ఏడ్చాను. శెట్టి అప్పటికే ఏడుస్తున్నాడు.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. బెంగుళూరు, బొంబాయి, విదేశాల పత్రికల అట్టలు. ఇందులో నా ముందుచూపు ఏమీ లేదు. ఉన్నదల్లా ఆ తండ్రి మనసు, ఆ పిల్ల కష్టం.

పోయిన నెల ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడి తెరవడానికి ఎస్తేరు వచ్చింది. నేను జనరేటరు వెనక దాక్కుంటే పిలిపించింది.

"అన్నా, ఆ దినం నా తల సక్కగా ఉండింటే మా నాయన జనం అనే రెండు మాటలు విని, నన్ను ఇంటికి పిల్చుకపోయేటోడు. నీ మేలు మర్చిపోనన్నా."

అంతమంది ముందు నాకు నమస్కారం పెట్టింది. తప్పు చేసినవాడికి ఇంత మర్యాద దొరకడం ఎక్కడైనా చూశారా? "తల్లీ, ఈ ఫ్లెక్సు కూడా నేనే చేసినా. జూడు, నీ తల ఈ చివర నుంచి ఆ చివర దాకా పెట్టినా" అన్నాను.

అంగడి యజమాని బోర్డును పైనుంచి కిందికి చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అంతా బాగుందప్పా. నా అంగడి పేరు యాడ?"

అందుకని మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట తలలూ, పేర్లూ సరిచూసుకోకుండా ఏ ఫ్లెక్సూ ప్రింటుకు పంపను. పంపేదాకా బిర్యానీ ముట్టను. ఇందుకు పెద్దశెట్టి ఫోటోనే సాక్షి. ఇంత జరిగినా నన్ను ఒక్క మాట అననిది ఆయనొక్కడే.