గోడెక్కిన బాణం

రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి నేను. గుడివాడలో కొట్టు. బడిలో చదివింది తక్కువ, విప్పి చూసి నేర్చుకున్నదే ఎక్కువ. కొట్టు మూసేశాక కంప్యూటరూ అలాగే నేర్చుకుని, దివిసీమలోని మా చర్చి కోసం పాటలు చూపించే ప్రోగ్రాం రాశాను. నేను పాట ఎంచుకుంటే ప్రొజెక్టరు దాన్ని గోడ మీద వేస్తుంది.

మా సంఘంలో ప్రతి చరణం తర్వాతా పల్లవి పాడాల్సిందే. ఎన్నిసార్లో ఎవరూ చెప్పలేరు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎన్నిసార్లు ఎత్తుకుంటే అన్నిసార్లు. అందుకని పల్లవికో బటన్ పెట్టాను. అది పాటకు అడ్డొస్తోందని ఒక ప్యానెల్లో దాచాను. మౌసు బాణాన్ని తెర కుడి అంచుకు తీసుకెళ్తే ప్యానెల్ బయటికొస్తుంది, వదిలేస్తే లోపలికి పోతుంది.

ఇదివరకు నా తెర మీదున్నదే గోడ మీదా పడేది. నా వెతుకులాటంతా సంఘం చూస్తోందని, ఈమధ్య గోడను వేరే తెరగా మార్చాను. మార్చాక పరీక్షించమని మా మేనకోడలికిచ్చాను. బందరులో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. మనిషికి బదులు తనే బటన్లు నొక్కి చూసే స్క్రిప్టొకటి రాసింది. అన్నీ పాసే, తెరంతా పచ్చ.

ఆ ఆదివారం కొత్త పాట. ఆడవాళ్ళు పల్లవి ఎత్తుకున్నారు. నేను బాణాన్ని అంచుకు నెట్టాను. ప్యానెల్ రాలేదు. బాణం కూడా కనపడకుండా పోయింది. గోడ మీద చరణమే ఉండిపోవడంతో సగం మంది చరణం, సగం మంది పల్లవి పాడారు.

"బావా, నీ బాణం గోడెక్కింది, దింపు!" వెనక నుంచి ఎవరో అన్నారు. వేళాకోళమనుకుని పట్టించుకోలేదు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద దగ్గరికొచ్చారు. "ఇంకొక్క వారం చూద్దామండీ. కుదరకపోతే బయట కొన్న ప్రోగ్రాం పెట్టుకుందాం."

కొన్నదా! మర్నాడే బందరు బస్సెక్కాను.

"పచ్చగా వచ్చిందన్నావు కదే!"

"వచ్చింది మావయ్యా. స్క్రిప్టు బటన్ నొక్కింది, పల్లవి వచ్చింది."

"ప్యానెల్ తెరుచుకుందా?"

స్క్రిప్టు మళ్ళీ చూసుకుంది. "లేదు. లోపలున్న బటన్‌ని ప్రోగ్రాంలో దానికున్న పేరుతో పట్టుకుని నొక్కేసింది."

"కనపడనిదాన్ని ఎలా నొక్కుతుందే?"

"కనపడకపోయినా ఉంటుందిగా."

రేడియో వీపు విప్పితే ఏ తీగైనా ముట్టుకోవచ్చు. కానీ మూత బిగించాక పాడిందా లేదా అన్నదే కదా కొన్నవాడికి కావాల్సింది! "మూత తీసి చేసిన పరీక్ష ఇది" అని అరిచాను. "నిజమే, తప్పు నాదే" అనేసింది. ఇక అరవడానికేమీ మిగల్లేదు.

స్క్రిప్టు మార్చింది. బాణం అంచుకు వెళ్ళాలి, ప్యానెల్ కనపడేదాకా ఆగాలి, అప్పుడే నొక్కాలి. తన ల్యాప్‌టాప్‌లో నడిపితే మళ్ళీ పచ్చే! మరి చర్చిలో ఏమైనట్టు? శనివారం ఇద్దరం చర్చికే వెళ్ళి, ప్రొజెక్టరు తగిలించి నడిపాం. ఎర్రగా వచ్చింది. పిల్ల చప్పట్లు కొట్టింది.

"ఫెయిలైతే సంబరమేంటే?"

"దొరికింది మావయ్యా! గోడ చూడు."

బాణం గోడ మీదుంది. ఇంట్లో తెర అంచు దగ్గర బాణం ఆగిపోతుంది. ఇక్కడ నా తెర అయిపోయిన చోట గోడ తెర మొదలవుతుందట; బాణం ఆగకుండా అటు దాటిపోతోంది. నేను కట్టిన ఇంటికి ఆ వైపు గోడ లేదని నాకే తెలియలేదు. ఇదేం న్యాయం? ఎడమ వైపు ఇంకో తెర లేదు కనక ప్యానెల్‌ని ఆ అంచుకు మార్చాను. పచ్చగా వచ్చింది.

ఆదివారం పాత పాట ఎత్తుకున్నారు. చరణం చరణానికీ ప్యానెల్ తెరిచాను, పల్లవి తెచ్చాను. ఒక్కసారీ తప్పలేదు. గర్వంగా తలెత్తి చూస్తే, పల్లవి వచ్చినప్పుడల్లా అందరూ కళ్ళు మూసుకుని పాడుతున్నారు.

"ఇబ్బందేం రాలేదుగా. మీదే ఉంచుదామండీ" అన్నారు పెద్ద.

"పల్లవి పడిందో లేదో చూశారా అసలు?"

"పల్లవికి చూడటమెందుకండీ? నోటికొచ్చుగా!"

మేనకోడలు నవ్వాపుకోలేక బయటికెళ్ళిపోయింది. ఉంచినందుకు సంతోషించాలో, చూడకుండానే పాస్ చేసినందుకు పోట్లాడాలో తేలక, ప్రొజెక్టరు వైరు చుట్టుకుంటూ కూర్చున్నాను.